కందులు, గంజి, బత్తాయి రసం: ఎంజైముల పనితీరును ఇంట్లో, బడిలో పరీక్షించే విధానం

దేవరకొండ, మునుగోడు, అచ్చంపేట ప్రాంతాల ఇళ్ళలో జొన్న రొట్టె ముక్కను కూర అద్దకుండా నోట్లో వేసుకుని, మింగకుండా రెండు మూడు నిమిషాలు నమిలితే సన్నని తీపి తెలుస్తుంది. పిండిలో లేని ఆ తీపి నోట్లోనే తయారవుతుంది. లాలాజలంలో ఉండే అమైలేజ్ అనే ఎంజైము జొన్న పిండిలోని స్టార్చ్ గొలుసులను తుంచి మాల్టోజ్ అనే చక్కెరగా మారుస్తుంది. పదో తరగతిలో పోషణ పాఠం చెప్పే ప్రతి ఉపాధ్యాయుడూ ఈ మాట చెబుతాడు, విద్యార్థి దానిని రాసుకుని పరీక్షలో తిరిగి రాస్తాడు. కానీ ఎంజైము ఎప్పుడు పనిచేస్తుందో, ఎప్పుడు చేయలేకపోతుందో తన కళ్ళతో చూడని విద్యార్థికి అది పట్టికలో ఒక పేరుగానే మిగిలిపోతుంది. నల్లగొండ జిల్లాలో ఒక ఉన్నత పాఠశాలలో ఈ పాఠాన్ని చాలా ఏళ్ళుగా చెబుతున్న అనుభవంతో, ప్రయోగశాల లేని చోట కూడా చేయదగిన పరీక్షలను వరుస క్రమంలో ఇక్కడ వివరిస్తున్నాను.

వివరాల్లోకి వెళ్ళే ముందు ఒక నియమం. ప్రతి పరీక్షలోనూ ఎంజైము ఉన్న ద్రవాన్ని రెండు భాగాలు చేసి, ఒక భాగాన్ని బాగా మరిగించి చల్లార్చి, రెండింటినీ పక్కపక్కనే పరీక్షించాలి. దీనిని మా తరగతిలో "ఉడికించిన జత" అంటాం. పచ్చి భాగంలో జరిగిన మార్పు ఉడికించిన భాగంలో జరగకపోతేనే ఆ పని ఎంజైము చేసిందని చెప్పే హక్కు మనకు వస్తుంది. ఈ జత లేని పరీక్షలో రంగు మారినా, నురగ వచ్చినా, దానికి కారణం ఎంజైమేనని నిర్ధారించలేం.

సిద్ధం చేసుకోవలసినవి

మందుల దుకాణంలో దొరికే టింక్చర్ అయోడిన్ గానీ, పోవిడోన్ అయోడిన్ ద్రావణం గానీ తెచ్చుకోవాలి. టింక్చర్ అయితే ఒక వంతుకు తొమ్మిది వంతుల నీరు, పోవిడోన్ అయితే ఒక వంతుకు రెండు వంతుల నీరు కలిపి ముదురు రంగు సీసాలో పోసి ఉంచాలి. ఒక డ్రాపర్, తెల్లని పింగాణీ పళ్ళెం, ఆరు గాజు గ్లాసులు, ఒక చెంచా, వీలైతే వంద డిగ్రీల వరకు కొలిచే ఉష్ణమాపకం, పసుపు, సర్జికల్ స్పిరిట్, తెల్ల కాగితం, వెనిగర్, విటమిన్ సి 500 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి ఉంటే చాలు. పసుపును స్పిరిట్‌లో కలిపి వడకట్టి, అందులో కాగితం ముంచి నీడలో ఆరబెడితే పసుపు కాగితం తయారవుతుంది. క్షారం తగిలితే ఈ కాగితం ఎర్రబారుతుంది.

గంజి కోసం గ్లాసు నీళ్ళలో అర చెంచా బియ్యపు పిండి లేదా మక్క పిండి కలిపి, ఉడికించి, పూర్తిగా చల్లార్చి, పైతేటను వాడాలి. చల్లార్చమని చెప్పడానికి కారణం ఉంది. స్టార్చ్, అయోడిన్ కలిస్తే వచ్చే నీలి నలుపు రంగు వేడిలో నిలవదు. మొదటిసారి నేను ఈ పరీక్ష చేయించినప్పుడు పొగలు కక్కుతున్న గంజిలోనే అయోడిన్ వేయించాను. రంగు రాకపోయేసరికి పిల్లలు గంజిలో స్టార్చ్ లేదని రాసుకున్నారు. గ్లాసు చల్లారాక నీలం దానంతట అదే తేలింది. అప్పటి నుంచి ఈ జాగ్రత్తను మొదటే చెబుతున్నాను.

మొదటి మెట్టు: ఏ పదార్థం ఏ జీవ అణువు

జీవుల దేహంలోని పెద్ద అణువులను పిండి పదార్థాలు, మాంసకృత్తులు, కొవ్వులు, కేంద్రకామ్లాలు అని నాలుగు తరగతులుగా చెబుతారు. వీటిలో మూడింటిని బడిలో సులువుగా గుర్తించవచ్చు. స్టార్చ్‌కు అయోడిన్ చుక్క సరిపోతుంది. కొవ్వు కోసం పల్లీని కాగితంపై నలిపి, కాగితాన్ని ఆరనిచ్చి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే మరక పారదర్శకంగా కనిపిస్తుంది. మాంసకృత్తుల పరీక్షకు మైలుతుత్తం ద్రావణం, కాస్టిక్ సోడా ద్రావణం కావాలి. గుడ్డు తెల్లసొనలో ఈ రెండూ చేరితే ఊదా రంగు వస్తుంది. కాస్టిక్ సోడా చర్మాన్ని కాలుస్తుంది కాబట్టి ఈ పరీక్షను ఉపాధ్యాయుడే చేసి చూపాలి. దీని మీద ఎక్కువ సమయం పెట్టనవసరం లేదు. ఎంజైములు దాదాపు అన్నీ మాంసకృత్తులేనన్న ఒక్క విషయం విద్యార్థి మనసులో నిలిస్తే తరువాతి మెట్లకు అది చాలు.

రెండవ మెట్టు: లాలాజలం, గంజి

నోటిని మంచినీళ్ళతో పుక్కిలించి, అయిదు నిమిషాలు ఆగి, ఒక చెంచా లాలాజలాన్ని శుభ్రమైన గ్లాసులో సేకరించి, అంతే నీరు కలపాలి. ఎవరి లాలాజలంతో వారే పరీక్ష చేసుకోవాలి. ఒకరి గ్లాసు మరొకరు ముట్టుకోకూడదు. ఆ ద్రవంలో సగాన్ని మరిగించి చల్లార్చాలి.

నాలుగు గ్లాసుల్లో రెండేసి చెంచాల గంజి పోయాలి. మొదటి గ్లాసులో అర చెంచా పచ్చి లాలాజలం, రెండవ దానిలో అర చెంచా ఉడికించిన లాలాజలం వేయాలి. మూడవ గ్లాసును ముందుగానే మంచు ముక్కల మధ్య ఉంచి, చల్లబడిన తరువాత పచ్చి లాలాజలం వేయాలి. నాలుగవ దానిలో పచ్చి లాలాజలంతో పాటు అర చెంచా వెనిగర్ కలపాలి. పింగాణీ పళ్ళెంలో అయోడిన్ చుక్కలను వరుసలుగా పెట్టి, ప్రతి నిమిషానికి ఒక్కో గ్లాసు నుంచి ఒక చుక్క తీసి అయోడిన్ చుక్కపై వేయాలి. డ్రాపర్‌ను ప్రతిసారీ కడగడం మరిచిపోకూడదు.

మొదటి గ్లాసు వరుసలో నీలి నలుపు క్రమంగా ఊదాగా, ఆపై ఎర్రటి గోధుమ రంగుగా మారి, చివరకు అయోడిన్ సొంత రంగే మిగులుతుంది. మధ్యలో వచ్చే ఎర్రటి ఛాయను ప్రత్యేకంగా చూపించాలి, ఎందుకంటే అది సగం తెగిన గొలుసుల, అంటే డెక్స్‌ట్రిన్‌ల గుర్తు. స్టార్చ్ ఒక్కసారిగా చక్కెర కాదని, మెట్టు మెట్టుగా తెగుతుందని చెప్పడానికి దీనికి మించిన ఆధారం తరగతిలో దొరకదు. ఉడికించిన గ్లాసులో నీలం అలాగే ఉంటుంది. వెనిగర్ గ్లాసులోనూ నీలం తగ్గదు, ఎందుకంటే లాలాజల అమైలేజ్ తటస్థ స్థితికి దగ్గరగా, పీహెచ్ 7కు కొంచెం తక్కువలో బాగా పనిచేస్తుంది. మింగిన ముద్ద జీర్ణాశయంలోని ఆమ్లంలో కలిసిపోయాక ఈ ఎంజైము ఆగిపోవడానికి కారణం ఇదే.

మంచులో ఉన్న గ్లాసును మాత్రం పారబోయకూడదు. పది నిమిషాల తరువాత దానిని అరచేతుల మధ్య వెచ్చబరిచి మళ్ళీ చుక్కలు వేస్తే నీలం పోవడం మొదలవుతుంది. ఉడికించిన గ్లాసును ఎంతసేపు చేతుల్లో ఉంచినా ఫలితం ఉండదు. చలికి ఎంజైము మందగిస్తుందే తప్ప దాని ఆకారం చెడదు. మరిగే వేడికి మాత్రం, ఉడికిన గుడ్డు తెల్లసొన మళ్ళీ నీరు కానట్టే, దాని మడతలు విడిపోయి తిరిగి సరిపడవు. మహబూబ్‌నగర్ వైపు ఏప్రిల్, మే నెలల్లో గది వేడే 37 డిగ్రీలకు దగ్గరగా ఉంటుంది కాబట్టి ప్రత్యేకంగా వెచ్చబరచనవసరం లేదు. డిసెంబరు ఉదయం చేస్తే అదే పరీక్షకు ఎక్కువ నిమిషాలు పడుతుంది. ఈ రెండు కాలాల లెక్కలనూ ఒకే పుస్తకంలో రాయించి పోల్చడం మంచి పని.

వెనిగర్ బదులు నిమ్మరసం వాడవచ్చు కదా అని విద్యార్థులు అడుగుతారు. వాడకూడదు. నిమ్మరసంలోని విటమిన్ సి అయోడిన్ రంగును నేరుగా పోగొడుతుంది. స్టార్చ్ చెక్కుచెదరకపోయినా అది తెగిపోయిందని పొరబడే ప్రమాదం ఉంది.

పని జరిగే తీరు

ఈ ఫలితాలు చూసిన తరువాతే సిద్ధాంతం చెప్పడం నా పద్ధతి. ఏ రసాయన చర్య మొదలవ్వాలన్నా ముందుగా కొంత శక్తి కావాలి. దానిని ఉత్తేజన శక్తి అంటారు. ఎంజైము ఆ శక్తి మెట్టును తగ్గిస్తుంది. నల్లమల గుట్టను ఎక్కి దిగవలసిన చోట సొరంగం తవ్వినట్టు, అటువైపు ఊరు మారదు, చేరే దారి సులువవుతుంది. ఎంజైములోని ఒక చిన్న గుంటలో, అంటే క్రియాశీల స్థానంలో, అది మార్చవలసిన పదార్థం (దీనిని అధస్థ పదార్థం అంటారు) వచ్చి కుదురుకుంటుంది. చర్య ముగిశాక ఎంజైము మారకుండా బయటపడి మరో అణువును పట్టుకుంటుంది. అందుకే కొద్దిపాటి లాలాజలం గంజినంతా మార్చగలిగింది. తాళానికి తాళంచెవి సరిపడినట్టు అని 1894లో ఎమిల్ ఫిషర్ పోల్చాడు. పదార్థం చేరేటప్పుడు ఎంజైము కూడా కొంత వంగి సర్దుకుంటుందని 1958లో డేనియల్ కాష్‌లాండ్ ఆ పోలికను సవరించాడు. విద్యార్థులకు రెండవ వివరణ కూడా తప్పక చెప్పాలి, లేకపోతే ఎంజైమును ఇనుప ముక్కలా గట్టిదిగా ఊహించుకుంటారు.

మూడవ మెట్టు: కందులు, యూరియా

ఈ మార్గదర్శిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పరీక్ష ఇది, ఎందుకంటే ఇందులో వాడే రెండు వస్తువులూ మన రైతు ఇంట్లోనే ఉంటాయి. మిల్లులో ఆడించిన పప్పు కాకుండా, పొట్టుతో ఉన్న కందులు రెండు చెంచాలు రాత్రి నానబెట్టి, ఉదయం అర గ్లాసు నీటితో మెత్తగా నూరి, పలుచని గుడ్డలో వడకట్టాలి. ఆ పాల వంటి ద్రవంలో సగాన్ని పది నిమిషాలు మరిగించి చల్లార్చాలి. వేరే గ్లాసులో అర చెంచా యూరియాను అర గ్లాసు నీటిలో కరిగించాలి.

ఇప్పుడు మూడు గ్లాసులు తీసుకోవాలి. మొదటి దానిలో పచ్చి కంది ద్రవం, యూరియా నీళ్ళు. రెండవ దానిలో ఉడికించిన కంది ద్రవం, యూరియా నీళ్ళు. మూడవ దానిలో పచ్చి కంది ద్రవం, మామూలు నీళ్ళు పోసి, ప్రతి గ్లాసులో ఒక పసుపు కాగితం ముక్క ముంచాలి. తడిపిన మరో ముక్కను గ్లాసు అంచుకు, ద్రవానికి తగలకుండా వేలాడదీసి పైన మూత పెట్టాలి. అరగంటలో మొదటి గ్లాసులోని కాగితం ఎర్రబారుతుంది. కొంత ఆలస్యంగా పైన వేలాడే ముక్క కూడా రంగు మారుతుంది. కాగితానికి తగిలింది గాలి రూపంలో పైకి లేచిన అమ్మోనియా అని దీనివల్ల తెలుస్తుంది. మిగిలిన రెండు గ్లాసులు పసుపుగానే ఉంటాయి. మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకోకూడదు. ఈ గ్లాసులను వంటకు తిరిగి వాడకూడదు.

కందుల్లో ఉన్న యూరియేజ్ అనే ఎంజైము యూరియాను నీటితో చర్య జరిపించి అమ్మోనియాగా, కార్బన్ డయాక్సైడుగా విడగొడుతుంది. ఎంజైము లేకుండా మామూలు వేడిలో యూరియా నీళ్ళు అదే పని చేయడానికి ఏళ్ళకు ఏళ్ళు పడుతుంది. ఎంజైముల చరిత్రలో ఈ యూరియేజ్‌కు ప్రత్యేక స్థానం ఉంది. ఎంజైము మాంసకృత్తేనా, లేక మాంసకృత్తుకు అంటుకున్న మరేదైనా పదార్థమా అన్న వాదం నడుస్తున్న రోజుల్లో, మన తమ్మకాయ జాతికి చెందిన చిక్కుడు గింజల నుంచి జేమ్స్ సమ్నర్ 1926లో యూరియేజ్‌ను స్ఫటికాలుగా వేరుచేసి, అది మాంసకృత్తేనని చూపాడు. పదిహేడేళ్ళ వయసులో వేటలో జరిగిన ప్రమాదంలో ఎడమ చేయి పోగొట్టుకున్న మనిషి, అదీ అంతకు ముందు ఎడమచేతి వాటం ఉన్నవాడు, ఒంటి చేత్తో ఈ పని సాధించాడు. పెద్ద శాస్త్రవేత్తలు చాలాకాలం నమ్మలేదు. 1946లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

నేలలోని సూక్ష్మజీవుల్లోనూ ఇదే ఎంజైము ఉంటుంది. తడి నేల పైపైన యూరియా చల్లి, ఎండలో అలాగే వదిలేస్తే ఆ గ్లాసులో జరిగిందే పొలంలో జరిగి, ఎరువులోని నత్రజని కొంత గాలిలో కలిసిపోతుంది. పత్తి చేలో మొక్క పక్కన గుంట చేసి ఎరువు వేసి మట్టి కప్పే అలవాటుకు శాస్త్రం ఇదేనని చెబితే రైతు కుటుంబం నుంచి వచ్చిన పిల్లలకు ఎంజైము ఎవరి సబ్జెక్టో వెంటనే అర్థమవుతుంది.

నాలుగవ పరీక్ష చిన్నది. పచ్చి ఆలుగడ్డ ముక్కను, ఉడికించిన ముక్కను మందుల దుకాణంలో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడు ద్రావణంలో వేస్తే పచ్చి ముక్క చుట్టూ మాత్రమే నురగ లేస్తుంది. ఆలుగడ్డలోని కెటలేజ్ అనే ఎంజైము పెరాక్సైడును విడగొట్టి విడుదల చేసిన ఆక్సిజన్ అది. నురగ దగ్గరకు నిప్పు కణిక ఉన్న అగరుబత్తి తెస్తే కణిక ప్రకాశిస్తుంది.

అయిదవ మెట్టు: విటమిన్ సి లెక్క

మాత్రను పొడిచేసి లీటరు నీటిలో కరిగిస్తే మిల్లీలీటరుకు అర మిల్లీగ్రాము విటమిన్ సి ఉన్న ద్రావణం వస్తుంది. అందులో 5 మిల్లీలీటర్లు తీసుకుని, ఒక చెంచా చల్లని గంజి కలిపి, అయోడిన్‌ను చుక్క చుక్కగా వేస్తూ కలియబెట్టాలి. విటమిన్ సి అంతా ఖర్చయ్యే వరకు నీలం వచ్చి పోతూ ఉంటుంది. నీలం నిలిచిన చుక్క సంఖ్యను రాసుకోవాలి. తరువాత అంతే కొలత బత్తాయి రసంతో ఇదే చేయాలి. ఉదాహరణకు మాత్ర ద్రావణానికి 40 చుక్కలు, రసానికి 32 చుక్కలు పడితే, మాత్ర ద్రావణంలో ఉన్న 2.5 మిల్లీగ్రాముల్లో 32/40 వంతు, అంటే 2 మిల్లీగ్రాములు ఆ రసంలో ఉన్నట్టు. వంద మిల్లీలీటర్లకు 40 మిల్లీగ్రాములు. జామ, ఉసిరి, నిమ్మ వరుసగా చేయించవచ్చు. రసాన్ని పావుగంట మరిగించి, ఆవిరైన నీటిని తిరిగి నింపి మళ్ళీ లెక్కిస్తే ఎంత నష్టపోయామో తెలుస్తుంది.

ఇక్కడ ఎంజైమునూ విటమిన్‌నూ ఒకే గ్లాసులో చూపే పరీక్ష ఒకటి ఉంది. కీర దోసకాయను తురిమి పిండి, రసాన్ని పచ్చిది, ఉడికించి చల్లార్చినది అని రెండు చేయాలి. రెండు గ్లాసుల్లోనూ 10 మిల్లీలీటర్ల మాత్ర ద్రావణం, అతి కొద్దిగా వంట సోడా సమానంగా వేసి, ఒకదానిలో పచ్చి దోస రసం, రెండవ దానిలో ఉడికించినది ఒక్కో చెంచా కలిపి, అరగంట సేపు తరచుగా తిప్పుతూ ఉంచి, ఆపై చుక్కలు లెక్కించాలి. పచ్చి రసం ఉన్న గ్లాసు తక్కువ చుక్కలకే నీలమవుతుంది. దోసలోని ఆస్కార్బేట్ ఆక్సిడేజ్ అనే ఎంజైము గాలిలోని ఆక్సిజన్‌తో విటమిన్ సిని మార్చివేయడమే దీనికి కారణం. కూరగాయను కోసినప్పుడు కణాలు తెగి, అప్పటిదాకా విడివిడిగా ఉన్న ఎంజైము, విటమిన్ కలుసుకుంటాయి. మధ్యాహ్న భోజనానికి కూరగాయలను పొద్దున్నే తరిగి పెట్టుకోవద్దని వంట చేసే అమ్మలకు చెప్పడానికి ఈ రెండు గ్లాసులు చూపితే సరిపోతుంది.

విటమిన్లు ఎంజైములకు ఏమవుతాయి

విటమిన్లను లోపాల పట్టికగా బట్టీ పట్టించడం వల్ల అవి దేహంలో ఏ పని చేస్తాయన్న ప్రశ్న మరుగున పడిపోతోంది. బి వర్గపు విటమిన్లు ఎక్కువగా సహ ఎంజైములుగా మారి, ఎంజైముల చేతిలో పనిముట్లవుతాయి. బి1 నుంచి థయమిన్ పైరోఫాస్ఫేటు, బి2 నుంచి ఎఫ్ఏడీ, నయాసిన్ అనే బి3 నుంచి ఎన్ఏడీ తయారవుతాయి. విటమిన్ సి, కణజాలాలను పట్టి ఉంచే కొల్లాజెన్ అనే మాంసకృత్తును గట్టిపరిచే ఎంజైములోని ఇనుమును పనిచేసే స్థితిలో ఉంచుతుంది. అది లేకపోతే చిగుళ్ళు, రక్తనాళాలు బలహీనపడి స్కర్వీ వస్తుంది. ఎ, డి విటమిన్ల దారి వేరు. ఎ విటమిన్ కంటిలో వెలుతురును గ్రహించే పదార్థంలో భాగమవుతుంది, డి విటమిన్ హార్మోనులా పనిచేస్తుంది. అన్ని విటమిన్లూ సహ ఎంజైములేనని రాయించడం తప్పు.

నయాసిన్ విషయంలో మన ప్రాంతానికి దగ్గరి సంబంధం ఉంది. ఎండ తగిలే చర్మం నల్లబడి పగలడం, విరేచనాలు, మతి తప్పడం లక్షణాలుగా ఉండే పెల్లాగ్రా, మక్కలు ప్రధాన ఆహారమైన దేశాల్లో ప్రసిద్ధి చెందిన జబ్బు. దక్కన్‌లో అది జొన్న మీద బతికే పేదల్లోనూ కనిపించింది. జొన్నలో లూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువగా ఉండటం ఇందుకు కారణమని, ఇప్పుడు హైదరాబాదులో జాతీయ పోషకాహార సంస్థగా పిలుస్తున్న పరిశోధనాలయానికి చెందిన సి. గోపాలన్, ఆయన సహ పరిశోధకులు 1960లో ప్రతిపాదించారు. ఆ వివరణపై తరువాత వాదోపవాదాలు జరిగాయి. మన దేహం ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం నుంచి కూడా కొంత నయాసిన్ తయారు చేసుకుంటుంది. సుమారు 60 మిల్లీగ్రాముల ట్రిప్టోఫాన్‌కు ఒక మిల్లీగ్రాము నయాసిన్ లెక్క. జొన్న గట్కతో పాటు పప్పు, పల్లీలు, పాలు, గుడ్డు ఉన్న పళ్ళెంలో ఈ జబ్బుకు చోటు ఉండదు. జొన్నను తప్పు పట్టవలసిన పని లేదు, జొన్న ఒక్కటే తినవలసి రావడమే అసలు సమస్య.

చివరి మెట్టు: ఎంజైమును ఆపే పదార్థాలు

ఎంజైమును వేడితోనే కాదు, సరిపడే పదార్థంతో కూడా ఆపవచ్చు. బి వర్గపు విటమిన్ అయిన ఫోలిక్ ఆమ్లంపై పనిచేసిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం నుంచే దానిని పోలిన మందులు వచ్చాయి. వాటిలో మెథోట్రెక్సేట్, ఫోలిక్ ఆమ్లాన్ని వాడుకునే ఎంజైము గుంటలో కూర్చుని, క్యాన్సర్ కణాల విభజనను అడ్డుకుంటుంది.

నల్లగొండలో ఈ పాఠం చెప్పేటప్పుడు ఫ్లోరైడు ప్రస్తావన రాకుండా ఉండదు. చక్కెర వ్యాధి పరీక్షకు రక్తం తీసేటప్పుడు బూడిద రంగు మూత ఉన్న గొట్టంలో పోయడం పిల్లలు చూసే ఉంటారు. ఆ గొట్టంలో సోడియం ఫ్లోరైడు ఉంటుంది; అది గ్లూకోజ్‌ను విడగొట్టే మార్గంలోని ఎనొలేజ్ అనే ఎంజైమును ఆపి, రక్తకణాలు ఆ గ్లూకోజ్‌ను తినివేయకుండా చూస్తుంది. ఇది విన్న వెంటనే పిల్లలు, నీళ్ళలోని ఫ్లోరైడు వల్ల ఎముకలు, పళ్ళు చెడే ఫ్లోరోసిస్ జబ్బు కూడా ఇలాగే వస్తుందని అనుకుంటారు, ఆ ఊహను అక్కడే సరిదిద్దాలి. గొట్టంలో మిల్లీలీటరు రక్తానికి సుమారు 2 మిల్లీగ్రాముల సోడియం ఫ్లోరైడు ఉంటుంది. తాగునీటిలో ఫ్లోరైడుకు ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. మర్రిగూడ, నాంపల్లి వైపు బోరు నీళ్ళలో ఆ హద్దు దాటినా, గొట్టంలోని గాఢత దానికన్నా ఎంతో ఎక్కువ. నీళ్ళలోని ఫ్లోరైడు ఏళ్ళ తరబడి ఎముకల్లో, పళ్ళలో పేరుకుని, వాటి ఖనిజంలోని హైడ్రాక్సిల్ స్థానాన్ని ఆక్రమించి, వాటి నిర్మాణాన్ని మారుస్తుంది. పళ్ళ మీద మచ్చలు, వంగిన కాళ్ళు, బిగుసుకున్న వెన్ను ఆ మార్గంలో వస్తాయి. పటిక, సున్నంతో నీటి నుంచి ఫ్లోరైడును తీసివేసే పద్ధతికి నల్లగొండ పద్ధతి అన్న పేరు మన జిల్లా పడిన బాధ నుంచే వచ్చింది. బోర్డు మీద ఎనొలేజ్‌ను ఒక గడిలో, ఎముక ఖనిజాన్ని మరో గడిలో రాయించి, రెండు గడుల్లోనూ ఫ్లోరైడు పరిమాణాన్ని లీటరుకు మిల్లీగ్రాముల్లో పిల్లల చేతనే లెక్క కట్టించాలి.